అంగారకుడికి వెళ్ళినవాడి చీటీ

ఆ ఏడు ఆకాశానికి మంచి గిరాకీ. పేపరు తెరిస్తే ఎక్కడో ఒకచోట రాకెట్టు లేస్తూ ఉండేది. నేను ఏలూరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. శనివారం మండవల్లి దగ్గర మా ఊరికి బస్సెక్కితే బ్యాగులో బట్టలకన్నా పేపరు కత్తిరింపులే ఎక్కువ. వాటిని ఓపిగ్గా వినేది మా మామ్మ ఒక్కతే, రొయ్యలు ఒలుచుకుంటూ.

మే నెలలో అంగారకుడి మీద ఒక యంత్రం దిగిందని చెప్పాను. మనుషులెవరూ లేరు, దానికో చెయ్యి ఉంది, మట్టి తవ్వి చూస్తుందన్నాను.

"ఒక్కడే వెళ్ళాడా?" అంది మామ్మ. "అయితే చీటీ రాయి."

మా చర్చిలో ఒక పద్ధతి. ఎవరైనా దూరం వెళితే ఇంటివాళ్ళు ఆదివారం చీటీ ఇస్తారు. పాస్టరు గారు చదువుతారు, అందరూ ప్రార్థిస్తారు. మనిషి తిరిగొచ్చేదాకా వారం వారం చీటీ పడాలి. వచ్చాక ఇంటివాళ్ళు లేచి, దేవుడు చేసిన మేలు అందరిముందూ చెప్పుకోవాలి; దాన్నే సాక్ష్యం అంటారు. మామ్మకు చదువు రాదు కాబట్టి రాయడం నా వంతు. "అంగారకుడికి వెళ్ళిన ప్రయాణికుడు క్షేమంగా తిరిగి రావాలి" అని రాయించింది. అది తిరిగి రాదని నాకు తెలుసు. చెబితే బాధపడుతుందని నోరు మెదపలేదు. పాస్టరు గారు ఆ చీటీ ఎలా చదువుతారో వినాలన్న సరదా కూడా లేకపోలేదు.

ఆయన తొణక్కుండా చదివారు. కువైట్ వెళ్ళిన డ్రైవరు తర్వాత మా యంత్రం. నాలుగు వారాలకే అది ఊరివాడైపోయింది. చేపల చెరువులకి మేత వేసేవాళ్ళు కూడా నన్ను ఆపేవారు.

"ఏమ్మా, మీవాడు బాగున్నాడా?"

"బాగున్నాడండీ. అక్కడ మంచు దొరికిందటండీ."

"ఎప్పుడొస్తాడంట?"

"చూడాలండీ," అని తప్పించుకునేదాన్ని. మామ్మ మాత్రం సాక్ష్యం రోజుకని కొత్త చీర విడిగా తీసి పెట్టుకుంది. అది చూసినప్పుడల్లా నాకు అన్నం సహించేది కాదు.

అక్టోబరులో మన నౌక చంద్రుడి వైపు లేచింది. హాస్టల్ టీవీ ముందు గంతులేశాం. మామ్మ రెండో చీటీ రాయించింది, అవే మాటలతో. నవంబరులో అంగారకుడి మీద చలి ముదిరి యంత్రం మూగబోయింది. ఇక దాచలేక ఆ శనివారం అంతా చెప్పేశాను, ముందే తెలుసన్న మాటతో సహా.

మామ్మ కత్తిపీట పక్కకు నెట్టింది. "ఆరు నెలలు దేవుడి ముందు నాచేత అబద్ధం చెప్పించావా?" అంది. ఆపైన నాతో మాట్లాడలేదు. నేను సిగ్గుతో ఏడ్చాను.

మర్నాడు చర్చిలో ఆ కొత్త చీరలోనే లేచి నిలబడింది. నా బండారం బయటపెడుతుందనుకుని తల దించుకున్నాను.

"నా చీటీలోనే తప్పుందండీ," అంది. "వాడు తిరిగి రావడానికి వెళ్ళలేదండీ. పనికెళ్ళాడు. చేశాడు. చలికి పోయాడు. మీరంతా వాడి గురించి అడిగారు, వందనాలండీ."

ఎవరూ నవ్వలేదు. డ్రైవరు భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం బస్సుకి బయల్దేరుతుంటే మామ్మ కాగితం, పెన్ను పట్టుకొచ్చింది. చంద్రుడి చీటీ మార్పించింది, "వెళ్ళిన పని అవ్వాలి" అని మాత్రమే. తర్వాత ఇంకో కాగితం ముక్క ఇచ్చి రాయమంది.

"ఏలూరు వెళ్ళిన నా మనవరాలికి."

"పని అవ్వాలనా మామ్మా?" అన్నాను.

"నువ్వేమైనా మెషీనువా? తిరిగి రావాలని రాయి."