మడ కొట్టి వేసిన కొబ్బరి

మా మేనత్తకి ఉన్నదల్లా అర ఎకరం వరిచేను. భర్త పోయాక పుట్టింటికి వచ్చేసినా ఆవిడ మా వంట తినలేదు. పెరట్లో వేరే పొయ్యి పెట్టుకుని, తన చేలో పండిన బియ్యమే వండుకునేది. అన్నయ్య ఇంట్లో ఉంటాను గానీ అన్నయ్య అన్నం తినను అని ఆవిడ పంతం. అంతర్వేది దారిలో, ఉప్పుటేటికీ ఆ చేనుకీ మధ్య మా పట్టాలోదే ఒక మడ అడవి ఉండేది.

యుద్ధం అయ్యాక కొబ్బరికి గిరాకీ పెరిగింది. నాన్నగారి కన్ను ఆ మడ మీద పడింది. మా కోనసీమలో కొబ్బరిమొక్క పాతేటప్పుడు గోతిలో గుప్పెడు ఉప్పు వేస్తారు. ఆయన వాదనంతా దాని మీదే: మనం కొని వేసే ఉప్పు అక్కడ దేవుడు ఊరికే వేసి ఉంచాడట. చారులో ఉప్పు వేస్తాం కదా అని ఉప్పునీళ్లతో చారు కాస్తామా అన్నాను. కాలేజీ చదువు నోటికి తప్ప నేలకి పనికిరాదన్నారు. పూటపూటా పోట్లాడి, చివరికి ఏటి ఒడ్డున ఒక్క వరస మడ ఉంచడానికి ఒప్పించాను. మిగతాదంతా కొట్టించి, గట్టు పోయించి, కొబ్బరి వేసేరు.

ఏటి పక్క చేపలు పట్టుకునేవాళ్లని మాత్రం ఎవరూ తలుచుకోలేదు. అడవంతా ఉన్నప్పుడు వాళ్లు ఎండుకొమ్మలు ఏరుకుని సరిపెట్టుకునేవారు. ఇప్పుడు అన్ని పొయ్యిలకీ ఆ ఒక్క వరసే దిక్కు. ఎండువి అయిపోయాక పచ్చివి కొట్టసాగేరు. నేను పోట్లాటకి వెళ్లాను. చేపలు ఆరబెడుతున్న ఒకావిడ తలెత్తకుండానే జవాబిచ్చింది.

"అడవంతా మీరు కొట్టేసుకుని, ఈ నాలుగు కర్రలకీ మమ్మల్ని కాపలా ఉండమంటారేంటండీ? ఆయ్, ఉంటాం. మరి మా కుండ కింద ఏం పెట్టమంటారు, మీ కొబ్బరిమట్టలా? మీ చెట్లింకా మోకాలెత్తు లేవు కదండీ."

పోట్లాట మానేసి ఇంటికి వచ్చేశాను.

రెండేళ్లకి ఒడ్డు బోడిదైంది. ఒక కార్తీకంలో గాలివానతో వచ్చిన సముద్రపు పోటు గట్టు తెంచుకుని, తిన్నగా అత్తయ్య చేలో నిలిచింది. పాలు పోసుకుంటున్న కంకులు తాలుపోయాయి. కొబ్బరిమొక్కలు అప్పటికే మొవ్వు కుళ్లి సగం పోయాయి; నాన్నగారు దాన్ని తెగులన్నారు.

గండి పూడ్చొద్దన్నాను నేను. పోటు రానిస్తే మడ గింజలు వాటంతటవే కొట్టుకొచ్చి మొలుస్తాయి, అడవి లేస్తే వెనక చేను బతుకుతుంది అన్నాను. నాన్నగారు అడ్డుపడతారనుకున్నాను. అడ్డుపడింది అత్తయ్య.

"ఎన్నేళ్లకి లేస్తుందే?"

"పదేళ్లు పట్టొచ్చు."

"అందాకా నేనేం వండుకోను? గట్టు వేయించు అన్నయ్యా. నాలుగు వానలు పడితే ఉప్పు అదే దిగిపోతుంది."

గట్టు వేయించేరు. వానలూ పడ్డాయి. అత్తయ్య వరసగా రెండేళ్లు ఊడ్పించింది. రెండేళ్లూ నారు కొసలు ఎర్రబారి చచ్చిపోయింది. గట్టు అడ్డం ఉండబట్టి మడా మొలవలేదు. తెల్లగా పొర కట్టిన ఆ నేలలోకి గేదెలు కూడా దిగేవి కావు.

ఆ మరుసటేడు అత్తయ్య పెరట్లో పొయ్యి వెలిగించలేదు. నాన్నగారే వెళ్లి లోపలికి పిలుచుకొచ్చి పీట వేయించేరు. అమ్మ వడ్డించింది. మొహమాటం దేనికే, ఇంకాస్త పెట్టించుకో అన్నారు నాన్నగారు. ఆవిడ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది. బతికిన మిగతా ఏళ్లన్నీ అంతే.