ఆకుపచ్చ స్తంభం

ముసలి వడ్రంగి ఏ ఇంటికి బొమ్మ చేస్తే ఆ ఇల్లు ఏడాది తిరక్కుండా కూలుతుందని ఆ వీధిలో అందరూ అనుకునేవారు. రేవు దగ్గరి చెక్క గిడ్డంగికి చేశాడు, కూలింది. పాత బడికి చేశాడు, మరుసటి వానలకు పైకప్పు కిందికొచ్చింది. నర్సమ్మ అద్దెకున్న మేడకు చేశాడు, అదీ అంతే. "కళ్లతో కొలుస్తాడమ్మా, కొలిచిన చోటల్లా చెద పడుతుంది" అని పాలావిడ ఇంటింటికీ పాలతో పాటు పోసి వెళ్లేది. ఆయనకు చెదలాయన అని పేరు కూడా పెట్టారు. ఆయన వీధిలోకి వస్తే కొందరు గబగబా తలుపులు మూసుకునేవారు, తలుపు మూస్తే ఇల్లు కనబడదన్నట్టు.

అలాంటి మనిషి ఒక సోమవారం ఉదయం టైలరమ్మ ఇంటి ఎదుట నిలబడ్డాడు.

అది పాత చెక్క మేడ. కింద మూతపడ్డ కొట్టు, పైన రెండు గదులు. లారీ తోలే భర్త పదిహేను రోజులకొకసారి వస్తాడు. మిగతా రోజులు ఆమె, అత్తగారు, కిటికీ పక్కన కుట్టుమిషను. కిటికీలోంచి చూస్తే ఆయన చెవిమీద పెన్సిలు, చేతిలో నోటుపుస్తకం కనబడ్డాయి. మెట్లకేసి చూస్తాడు, రాసుకుంటాడు, మళ్లీ చూస్తాడు. మంగళవారం వచ్చాడు. బుధవారమూ వచ్చాడు. ఆ రోజు ఆమె ఒక చొక్కాకు చేతులు తిరగేసి కుట్టింది.

"ఎవరే అతను, ఫొటో తీసేవాడిలా ఒక కన్ను మూసి చూస్తున్నాడు?" అంది మంచం మీద నుంచి అత్తగారు.

"చెదలాయన, అత్తయ్యా."

ముసలావిడ లేచి కూర్చుంది. "నేను పోయాక చేసుకోమను బొమ్మ. వెళ్లి చెప్పు."

"మీరే చెప్పండి."

"నా మోకాళ్లు దిగనిస్తే నీకెందుకు చెప్తాను?"

గురువారం ఆమె కత్తెర పక్కన పెట్టి బయల్దేరింది. ఆయన గది కోతమిల్లు వెనక ఉంది. గుమ్మంలోనే ఆమె కాళ్లు ఆగిపోయాయి. గోడల నిండా బల్లలు, బల్లల మీద జానెడు జానెడు ఇళ్లు. అన్నీ పాడుబడ్డవే. వాలిన వసారాలు, ఊడిన పెంకులు, ఒక్క బందు మీద వేలాడే తలుపులు. కొత్త పుల్లల్ని తీగ బ్రష్షుతో గీరి, ఇనప పీచు వెనిగర్‌లో నానబెట్టిన నీళ్లు పూస్తే, నలభై ఏళ్లు ఎండకూ వానకూ నిలిచిన చెక్కలా బూడిదరంగు తిరిగేవి. మేకుల గుర్తులు సూదిమొనతో పొడిచినవి. అంత దగ్గరగా చూస్తుంటే ఊపిరి వదిలినా ఏదో ఊడి పడుతుందేమోనని ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బల్ల మీద తమ మేడ ఉంది.

నాలుగో మెట్టుకు పెట్టెచెక్క అతుకు. పగిలిన అద్దం చోట తను కట్టిన ఎర్రగుడ్డ పీలిక. కిటికీ పక్కన మిషను మాత్రం లేదు, లోపల మంచం లేదు. బతికుండగానే తమ ఇల్లు పాడుబడి ఎదురుగా కూర్చున్నట్టుంది.

"బాబాయిగారూ, దీన్ని విరగ్గొట్టేయండి."

"ఎందుకమ్మా?"

"ఎందుకని అడుగుతారేం! అత్తయ్య నడవలేని మనిషి. ఇల్లు పోతే ఎక్కడికి తీసుకుపోను?"

ఆయన బొమ్మను వెలుతురులోకి జరిపాడు. ఆమె ఏడుపు ఆపుకోవడానికి మళ్లీ బొమ్మనే చూసింది. అప్పుడు కనబడింది ఒక తప్పు. మెట్ల కింది స్తంభం అడుగున నల్లగా, గుల్లగా ఉంది.

"ఇదిగో, ఇక్కడ తప్పు చేశారు. మా స్తంభం ఆకుపచ్చగా నిగనిగలాడుతుంటుంది. అద్దె తీసుకునే ఇంటాయన ఏటా రంగు వేయిస్తాడు."

"ఏటా వేయిస్తాడా?"

"ఏటా."

"మిగతా మూడు స్తంభాలకో?"

మిగతా మూడింటికీ తను కాపురానికొచ్చాక ఎవరూ రంగు వేయలేదు.

"నీ దగ్గర దబ్బనం ఉంటుంది కదా. రంగు మీద గుచ్చి చూడు. గట్టి చెక్కయితే మొన కూడా దిగదు."

"ఈ మాట నోటితో చెప్పొచ్చుగా! మూడు రోజులు దొంగలా నిలబడి మమ్మల్ని చంపేశారు."

"చెప్పేవాణ్ణి" అన్నాడాయన. "పని దొరకడం కోసం చెప్తున్నాడనేవారు."

నలభై ఏళ్ల వడ్రంగం ఆయనది. ఒకచోట వసారా దూలం పుచ్చిందని చెప్తే ఇంటివాళ్లు నవ్వారు. నెల తిరక్కుండా ఆ వసారా పడింది. కింద ఆయన బావమరిది ఉన్నాడు. ఆ తర్వాత ఆయన కూలిపనికి ఉలి పట్టలేదు. బొమ్మ చేసి, ఇంటికే పట్టుకెళ్లి, చేతిలో పెట్టి వస్తాడు. డబ్బు తీసుకోడు. ఈ బల్లల మీదివి మాత్రం ఎప్పుడో పడిపోయిన ఇళ్లకు తనకోసం చేసుకున్నవి.

ఆమె ఇంటికొచ్చి, పైకి వెళ్లకుండా మెట్ల కింద కూర్చుంది. దబ్బనం ఆకుపచ్చ రంగు మీద ఆనించింది. నొక్కిందో లేదో, కన్ను దాకా దిగిపోయింది. బయటికి లాగితే మొనకు తడిసిన పొడి అంటుకుని ఉంది. సరిగ్గా అప్పుడే నెత్తిమీద టకటకమని చేతికర్ర చప్పుడు.

"అత్తయ్యా, కదలకండి!"

"ఏం, పామా?"

"కదలకండంటే కదలకండి!"

వెనకే ముసలి వడ్రంగి రెండు దుంగలు మోసుకొచ్చి దూలం కింద ఊతం పెట్టాడు. కిందికి రావడానికి ఆ మెట్లు తప్ప వేరే దారి లేదు. పద్నాలుగు మెట్లు. ముసలావిడ ఒక్కో మెట్టు మీదా కూర్చుని, గోడవైపు జరిగి, కిందిదాని మీదికి జారింది. కోడలు ముందు నిలబడి ఆమె పాదాలు పట్టుకుంది. ఏడో మెట్టు దగ్గర చెక్క సన్నగా మూలిగింది. ముగ్గురూ బిగుసుకుపోయారు.

భయం తొక్కిపెట్టడానికేమో, ముసలావిడే నోరు విప్పింది. "ఏమయ్యా, నన్ను కూడా బొమ్మ చేశావా?"

"లేదమ్మా. నా ఇళ్లల్లో మనుషుల్ని పెట్టను."

"ఏం, చేయడం రాదా?"

"ఉండకూడదని."

ముసలావిడ మిగిలిన ఏడు మెట్లూ దిగింది.

లారీ వచ్చాక మిషనూ మంచమూ జాగ్రత్తగా దింపి, కోతమిల్లు పక్క వీధిలో ఒక గదికి మారారు. ఇరవై రెండో రోజు మధ్యాహ్నం, ముసురులో, మెట్లవైపు మేడ మొత్తం రోడ్డు మీదికి ఒరిగిపోయింది. పాలావిడ క్యాను దింపి వేళ్లు మడిచింది. "నాలుగోది! చెప్పలేదూ, ఆయన కొలిస్తే ఇంతేనని?"

ఆ మధ్యాహ్నం ఆ మేడలో ఎవరూ లేరు. అంతకుముందు కూలిన మూడింటిలోనూ ఎవరూ లేరు.