రెండో గేరు

నా చిన్నప్పుడు మేము కలకత్తాలో ఖిదిర్‌పూర్ రేవు పక్కన, కూలీల క్వార్టర్సులో ఉండేవాళ్ళం. శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళం గానీ నేను చదివింది బెంగాలీ బడిలో. తెలుగు అక్షరాలు నాకు సగం సగమే వచ్చు. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు.

మా తెలుగు చర్చిలో ఆదివారం పిల్లల చేత బైబిలు వాక్యం చదివించేవారు. ముందురోజు అమ్మ చేత నాలుగుసార్లు చదివించుకుని, విన్నది బట్టీ పట్టి, పుస్తకం మీద వేలు జరుపుతూ గడగడా అప్పజెప్పేదాన్ని. భలే చదివిందనేవారు. ఓ ఆదివారం నడిమధ్యలో ఒక మాట మరిచిపోయాను. వేలు ఎక్కడుందో, నోరు ఎక్కడుందో తెలియలేదు. వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. చూపు ఆనని మా అమ్మమ్మ మాత్రం మిగతాది కూడా వస్తుందని చెవి ఒగ్గి కూర్చునే ఉంది. ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చేసింది. నెల తిరక్కుండా మళ్ళీ నా వంతు వస్తుంది. ఆ రోజుకి జ్వరం తెచ్చుకోవాలని గట్టిగా నిశ్చయించుకున్నాను.

అమ్మ తమ్ముడు, మా చిన్నమావయ్య, గార్డెన్ రీచ్‌లో ఓడలు కట్టేచోట ఫిట్టరు. ఆయనకో పాత మోటారుసైకిలు ఉండేది. చిన్న ఇంజిను, నాలుగు గేర్లు. తన చొక్కా మాసినా పట్టించుకోడు గానీ దాన్ని మాత్రం రోజూ తుడిచేవాడు. ఓ సాయంత్రం నన్ను ఎక్కించుకుని బయల్దేరాడు. వంతెన ఎత్తు వచ్చినా నాలుగో గేరు దించలేదు. ఇంజిను గొణిగింది, వణికింది, సగం ఎత్తులో ఆగిపోయింది. వెనక బస్సువాడు ఒకటే హారను. కండక్టరు తల బయటపెట్టి, "కీ హోలో, దాదా?" అని, ఏమైందన్నా అన్నట్టు బెంగాలీలో అరిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మావయ్య తాపీగా బండిని పక్కకు లాగాడు.

"దీనికి బలం నేదనుకుంటన్నావేటే? బలం ఉంది. ఎత్తు కాడ నాలుగో గేరులో ఎల్లమంటే అదేటి సేస్తాది, పాపం."

కదలడానికి ఒకటి వేసి, వెంటనే రెండుకి మార్చాడు. బండి పెద్దగా రొద చేస్తూ, నెమ్మదిగా ఎక్కడం మొదలుపెట్టింది.

"అందరూ మనల్నే సూస్తన్నారు మావయ్యా," అన్నాను.

"సూడనీ. ఎక్కుతందా నేదా?"

ఎక్కింది. వంతెన దిగాక ట్రాము రోడ్డు మీద మూడు వేశాడు, రేవు గోడ వెంట ఖాళీ రోడ్డు మీద నాలుగు. పరుగు అందుకున్నాక వేయాల్సిన గేరు ముందే వేస్తే ఇంజిను నలిగిపోతుందని చెప్పాడు. నది ఒడ్డున బండి ఆపి, సంచిలోంచి మా బైబిలు తీసి సీటు మీద పరిచాడు.

"ఇది నీకు ఎత్తు. రెండులో సదువు."

నాకు చదవడం సరిగ్గా రాదని ఆయనకు ముందే తెలుసు. తిట్టలేదు, అమ్మకు చెప్పలేదు. నన్ను నవ్వులపాలు చేయకుండా తన బండినే నడిరోడ్డు మీద నవ్వులపాలు చేసుకున్నాడు. ఆయన మీద నాకు అప్పుడు కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు. ఆ తర్వాత రోజూ సాయంత్రం అక్కడే, అక్షరం పక్కన అక్షరం కూడబలుక్కుంటూ కూర్చున్నాం.

నా వంతు వచ్చిన ఆదివారం, పాత అలవాటు కొద్దీ మొదటి మాట నుంచే పరుగు మొదలుపెట్టాను. ఆఖరి బెంచీలో మావయ్య మెల్లిగా రెండు వేళ్ళు పైకెత్తాడు. నెమ్మదించాను. చాలాసేపు పట్టింది. ఎవరో విసుగ్గా దగ్గారు. నవ్వారేమో, నాకు వినబడలేదు. బయటికొచ్చాక అమ్మమ్మ నా చెయ్యి తడిమి పట్టుకుంది.

"ఎప్పుడూ గడగడమనేదానివి, ఏటీ అందేది కాదు. ఇయ్యాల ప్రతి మాటా ఇనబడిందమ్మా."

మావయ్య పోయిన రోజున, సమాధి కార్యక్రమానికి ముందు వాక్యం నన్నే చదవమన్నారు. త్వరగా ముగించి కూలబడాలనిపించింది. ఆఖరి బెంచీ వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు. పుస్తకం కింద నా రెండు వేళ్ళు నేనే చాపుకున్నాను. ఒక్కో మాటే, చివరిదాకా చదివాను.