లోపల ఉన్నరు

ఫలక్‌నుమా స్టేషన్ వెనక మా సందులోకి గ్యాస్ బండి వచ్చినప్పుడల్లా ఖాదర్ పక్కింటి గేటు ముందు సిలిండర్ దించి, "బాబురావ్ సాబ్!" అని కేకేసేవాడు. కనెక్షన్ ఆ పేరు మీదే ఉంది.

"లోపల ఉన్నరు భాయ్, నువ్వు పక్కకు పెట్టు" అని విజయలక్ష్మి జవాబు చెప్పేది. బాబురావు ఫోనుకు వచ్చిన డెలివరీ నంబరు ఆమే చదివి చెప్పేది. రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన ఆమె భర్త బాబురావు పోయి అప్పటికి మూడేళ్ళు.

మొదట్లో అది జాగ్రత్త కోసం అన్న మాట. కర్మలు ముగిసిన వారంలోనే సిలిండర్ వచ్చింది. ఇంట్లో ఆమె, ఇంద్రజ, ఇద్దరే ఆడవాళ్ళు. మగదిక్కు లేదని బయటివాళ్ళకు తెలియకూడదని అలా అంది. అన్నాక ఆ మాట ఇంట్లోనే ఉండిపోయింది. లోపలి గదిలో సాయంత్రం ఫ్యాను వేసేది. కరెంటు బిల్లు, ఇంటి పన్ను ఆయన పేరునే కట్టేది. ఆయన ఫోనుకు రీచార్జి తప్పనిచ్చేది కాదు.

"ఖాదర్‌కు తెలియదా?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకు తెల్వదు? తెలిసే పిలుస్తడు. పిలిస్తే పలకాలె గద."

ఇంద్రజ బాబురావు చెల్లెలి కూతురు. తల్లీ తండ్రీ పోతే నాలుగేళ్ళ పిల్లను తెచ్చి పెంచుకున్నారు. వాళ్ళకు వేరే పిల్లలు లేరు. దత్తత కాగితం రాయించుకోవాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. సొంత పిల్లకు కాగితమేమిటి? ఇప్పుడామెకు నలభై దాటాయి. ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది.

మూడో ఏడు ఆబ్దికానికి బాబురావు తమ్ముడు వైకుంఠం, అతని కొడుకు మనీష్ కిషన్‌బాగ్ నుంచి వచ్చారు. నన్నూ భోజనానికి పిలిచారు. పురోహితుడు బాబురావు పేరు పలికే వేళకు విజయలక్ష్మి ఎప్పట్లాగే వంటింట్లోకి వెళ్ళి నల్లా తిప్పింది. నీళ్ళ చప్పుడులో ఆ పేరు వినిపించకుండా పోయింది.

భోజనాల దగ్గర మనీష్ వెనక్కి వాలి లోపలి గది గోడను వేళ్ళతో తట్టాడు.

"పెద్దమ్మా, పాత గోడ. కొట్టేస్తే ఈడ మూడు ఫ్లోర్లు లేస్తయ్."

"అవి లేస్తయ్ గని, ముందు నువ్వు విస్తరి ముంగట్ల నుంచి లెవ్వు. పెరుగు నాలుగోసారి" అంది విజయలక్ష్మి.

అందరూ నవ్వారు. వైకుంఠం కూడా నవ్వి, "వాడు ఊకె అంటడు వదినా. ఏమైనా గానీ, ఇంద్రజ గురించి ఫికర్ చెయ్యకు. మా చెల్లె బిడ్డ. రేపటి రోజు ఆమెకు కింద ఒక రూం ఇయ్యమా ఏంది?" అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఇంద్రజ చేతిలో గరిటె ఆగిపోయింది. విజయలక్ష్మి లోపలి గది వైపు చూసింది, అక్కడి నుంచి ఎవరైనా సమాధానం చెబుతారేమో అన్నట్టు.

రెండు రోజుల తర్వాత గోడ అవతలి నుంచి నన్ను పిలిచింది. "అన్నా, సంతోష్‌నగర్‌ల నీ దోస్తు మనవరాలు వకీలన్నవు గద. జర తీస్కపో."

ఆ వకీలు పేరు స్ఫూర్తి. చిన్న పిల్లే కానీ నిదానంగా మాట్లాడుతుంది.

"ఇల్లు ఎవరి పేరు మీద ఉందమ్మా?"

"ఆయన పేరు మీదనే."

"ఆయన?"

"లోపల ఉన్నరు" అనేసింది విజయలక్ష్మి, అలవాటు మీద. స్ఫూర్తి తలుపు వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. ఇంద్రజ బ్యాగులోంచి మడతపెట్టిన మరణ ధ్రువపత్రం తీసి బల్ల మీద పెట్టింది. మూడేళ్ళుగా అది మిషను సొరుగులో దారపు ఉండల కింద ఉందట.

స్ఫూర్తి విడమరిచి చెప్పింది. బాబురావు వీలునామా రాయలేదు కాబట్టి ఇల్లు భార్యకు వస్తుంది. ఆమె కూడా రాయకుండా పోతే ఆమె పుట్టింటికి కాదు, భర్త వైపు వాళ్ళకు పోతుంది. తమ్ముడు ఉండగా చెల్లెలి కూతురి దాకా రాదు. పెంచిన ప్రేమ చట్టానికి కనపడదు. వీలునామా తెల్ల కాగితం మీద రాసినా చాలు. ఆస్తి దక్కే మనిషి కాకుండా వేరే ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్ళ ఎదుట సంతకం చేయాలి. రిజిస్టరు చేయిస్తే ఇంకా మంచిది.

చిత్తు ప్రతి రాసి, మొదటి వాక్యం చదివింది. "కీర్తిశేషులు బాబురావు గారి భార్యనైన నేను..."

"ఆ మొదటి మాట లేకుంట రాయరాదా బిడ్డా?"

"ఆయన ఉన్నట్టు రాస్తే ఇల్లు ఆయనదే అయితదమ్మా. మీది కానిది ఇంద్రజక్కకు ఎట్ల ఇస్తరు?"

విజయలక్ష్మి ఆ కాగితం ఇంటికి తెచ్చి ఆయన దిండు కింద పెట్టింది. రోజులు గడిచాయి. సంతకం ఊసు లేదు. ఆ మాట మీద తన చేత్తో సంతకం పెడితే గదిలో ఫ్యాను ఆగిపోతుందని ఆమె భయం. నాతో అనలేదు, ఆ గది తలుపు దగ్గర ఆమె నిలబడే తీరు చూస్తే తెలిసేది.

చివరికి ఇంద్రజే అంది. ఒక మధ్యాహ్నం, నేను వాళ్ళ వరండాలో కూర్చుని ఉన్నాను.

"అత్తమ్మా, నాకు ఇల్లు వద్దు. కాగితం చింపెయ్యి. నువ్వు మామను ఉంచుకో."

"నేనున్నన్ని దినాలు ఉంచుకుంట. నేను పోయినంక?"

"అప్పటి సంగతి అప్పుడు."

"అప్పుడు మనీష్ గోడ కొడ్తడు. కొడితే ఈయన ఏడ ఉంటడే? బజార్ల నిలబడుతడా?"

విజయలక్ష్మి తన మాటకు తానే ఉలిక్కిపడింది. తర్వాత లేచి దిండు కింది కాగితం తెచ్చింది.

సాక్షులం నేనూ, సందు చివర క్లినిక్కు నడిపే డాక్టర్ వెంకటనారాయణా. ఇంటికి వచ్చిన స్ఫూర్తి ఇంద్రజను బయట కూర్చోమంది. సంతకానికి ముందు విజయలక్ష్మి లోపలి గది వైపు తిరిగి, మెల్లగా, "జర ఓర్చుకోండ్రి. కాగితం మీదనే" అంది. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆమె కింద సంతకం పెట్టింది.

ఆ తర్వాత ఇంటి పన్ను, కరెంటు ఆమె పేరుకు మారాయి. గ్యాస్ సంగతి ఇంద్రజ ఎత్తితే, "అది ఉండనీ" అంది.

మరుసటి వానాకాలం ఆమె పోయింది. దినాలయ్యాక వైకుంఠం వీలునామా రెండుసార్లు చదివాడు. "వదిన నాకొక మాట చెప్పకపాయె" అన్నాడు. కాగితం ఇంద్రజ చేతికిచ్చి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వెనకే మనీష్, ఈసారి గోడ మీద చెయ్యి వేయలేదు.

ఆ వారంలోనే గ్యాస్ బండి వచ్చింది. ఖాదర్ సిలిండర్ దించి గేటు ముందు నిలబడ్డాడు. కేక వేయడానికి కొంచెం తటపటాయించాడు.

"బాబురావ్ సాబ్!"

మిషను చప్పుడు ఆగింది.

"లోపల ఉన్నరు భాయ్" అంది ఇంద్రజ. "ఇద్దరూ ఉన్నరు. నువ్వు పక్కకు పెట్టు."

ఆమె బాబురావు ఫోను చూసి నంబరు చదువుతుంటే, వాన చినుకుల మధ్య, లోపలి గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు గోడ ఇవతలికి వినిపించింది.