యులాలియా కలపని గీత

ఎడారి నడుమ ఆకోమా కొండ మీది ఊళ్లో పుట్టిన ఆడపిల్ల నెత్తి మీద నీళ్ల కుండ నిలపడం నేర్వాలి. యులాలియా నేర్చింది. రాతి గుంటలో నిలిచిన వాననీరు ముంచుకుని ఇల్లు చేరేదాకా చుక్క తొణికేది కాదు. నోరు మాత్రం తొణికేదని అత్త ఎత్తిపొడిచేది.

ఇద్దరు బిడ్డల్ని కన్నది, ఒకరిని మట్టిలో పెట్టింది. మొగుడు గొర్రెల వెంట పోతే ఆమె బంకమట్టి వెంట పోయేది. ఆమె కుండల మీద గీసిన చిలుకలకు కూడా ఆమె పొగరే. కుండ మెడ చుట్టూ తిరిగే నల్లగీతను మాత్రం ఎన్నడూ కలపలేదు, వేలి వెడల్పు సందు వదిలేది. ఆ సందు, కుండ చేసినామె ప్రాణం నడిచే దారి. కలిపితే బతుక్కి తలుపు మూసినట్టే.

రైలు స్టేషను దగ్గర కొట్టు పెట్టి, పిండి ఇచ్చి కుండలు కొని పట్నంవాళ్లకు అమ్మే బార్లోకు అది నచ్చలేదు.

"పట్నంవాళ్లు దీన్ని పొరపాటనుకుంటున్నారు. కలిపెయ్."

"నా కుండలో పొరపాటు లేదు. వాళ్ల కళ్లలో ఉందేమో చూసుకోమను."

ఆడపడుచు క్రెసెన్సియా గిల్లింది. "ఇంట్లో పిండి నిండుకుంది వదినా. కళ్లు మూసుకుని గీసెయ్."

"అది గీస్తే కళ్లు మూసుకోవడమే కదమ్మా."

బార్లో నవ్వి, కుండ తీసుకుని పిండి బస్తా ఇచ్చాడు. ఆమె బస్తా మూతి కడుతుండగా సిరాలో కుంచె ముంచి సందు పూడ్చేశాడు.

"నువ్వు చెయ్యనిది నేను చేశాలే."

యులాలియా శాలువా అంచుతో తుడిచింది. సిరా అప్పటికే ఇంకిపోయింది. బస్తాను బల్ల మీదికి నెట్టి కుండ ఎత్తుకుని బయటికి నడిచింది. కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడడం ఆమెకు పుట్టుకతో వచ్చింది, ఆ రోజు మాటతో సరిపెట్టుకోలేదు. రైలుపట్టా మీద కుండనే బద్దలు కొట్టింది.

"పిండీ పోయె, కుండా పోయె," అని క్రెసెన్సియా ఏడ్చింది.

"కుండ ఎక్కడికి పోతుందే? పెంకులు నూరి కొత్త మట్టిలో కలుపుతాం కదా. ఏరు."

ఏరారు. సిరా అంటిన పెంకును మాత్రం యులాలియా తీసుకెళ్లి బార్లో బల్ల మీద పెట్టింది.

"ఈ గీత నీది, నువ్వే ఉంచుకో."

ఆ చలికాలమంతా వాళ్లింట్లో మొక్కజొన్న అంబలి పల్చగానే కాగింది. ఎండలు ముదిరాక, ఆ పెంకుల పొడి కలిపిన మట్టితో కొత్త కుండ చేసింది. దాని మెడ మీద ఈసారి అరచెయ్యంత సందు వదిలింది.