పిలవని పేరు

మొన్న ప్రొద్దుటూరులో కంటి ఆసుపత్రికి పోయాను. శుక్లాలు తీయించుకోమని మా కోడలు ఏడాదిగా పోరుతుంటే ఆ పోరు పడలేక పోయానే గానీ, ఈ వయసులో చూపు కాస్త మసకబారితే నాకు నష్టమేమీ కనపడలేదు. అక్కడ ఒక పిల్ల గుమ్మంలో నిలబడి పేర్లు పిలుస్తోంది. ఒక్కో పేరు మూడుసార్లు పిలవడం, పలకకపోతే తర్వాతి పేరుకు పోవడం. ఎవరో ముసలాయన పేరు మూడుసార్లు పిలిచింది. ఎవరూ లేవలేదు. ఆ పిల్లకు అది మామూలే. నాకు మాత్రం మా అవ్వ గుర్తొచ్చింది.

అవ్వ అంటే మా నాయనను కన్నతల్లి. జమ్మలమడుగుకు అవతల, పెన్న ఒడ్డున మా ఊరు. ఊరికి ఎడంగా మా పేట, పేట చివర చిన్న చర్చి. మేము దాన్ని గుడి అనే అనేవాళ్లం. అవ్వ నల్లగా, పొడుగ్గా ఉండేది, నశ్యం వాసనతో. గుళ్లో పాట పాడితే అందరికంటే ముందు పోయి చరణం చివర నిలబడి మిగతావాళ్ల కోసం చూసేది. పాస్టరు అయ్యగారు ప్రార్థన సాగదీస్తే ఆయన ఆపకముందే గట్టిగా ఆమెన్ అనేసేది. అప్పుడాయన గుటక మింగి ముగించేవారు. అంత తొందర మనిషిని దేవుడు అంతకాలం జవాబు కోసం కూర్చోబెట్టాడు. అందుకు ఆయన మీద నాకు ఈనాటికీ కోపమే.

కర్నూల్లో రాజధాని ఉన్న రోజులు. ఎండాకాలం పెన్న ఎండితే ఇసుకలో గుంటలు తవ్వి నీళ్లు తోడుకునేవాళ్లం, వాటిని చెలమలు అంటాం. ఎగువ చెలమ ఊరివాళ్లది, దిగువ చెలమ మాది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియని కట్టుబాటు. ఒక ఏడు మా చెలమలో ఎంత తవ్వినా తడి ఇసుకే తప్ప చుక్క నీళ్లు ఊరలేదు. అవ్వ కడగొట్టు కొడుకు, మా చిన్నాయన, పార భుజాన వేసుకుని ఎగువకు పోయాడు. తోడుగా మా మామ, అంటే మా మేనత్త మొగుడు, అవ్వకు సొంత అల్లుడు. నీళ్లు పడ్డాయి. మొదటి కడవ నిండకముందే ఊళ్లోంచి కొందరు వచ్చి, చిన్నాయన చేతిలోని పార లాక్కొని దానితోనే కొట్టారు. మామ ఆయన్ను ఎద్దులబండిలో వేసుకుని జమ్మలమడుగు ఆసుపత్రికి చేర్చాడు. అక్కడివాళ్లు చేయగలిగిందంతా చేశారు. మర్నాడు ప్రాణం పోయింది. కళ్లారా చూసినవాడు మామ ఒక్కడే.

కేసు కడప పెద్ద కోర్టుకు పోయింది. ప్రొద్దుటూరులో బస్సు మారి, రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని అవ్వ ప్రతి వాయిదాకూ పోయేది, చిన్న మనవరాలినైన నన్నూ వెంట తీసుకుపోయేది. మొదటిసారి అక్కడ తలపాగా, ఎర్రపట్టీ, దానికి మెరిసే ఇత్తడి బిళ్ల పెట్టుకున్న బంట్రోతును చూసి ఆయనే జడ్జి అనుకుని చేతులు జోడించింది. లోపల కూర్చున్న నల్లకోటు మనిషి గుమాస్తా అనుకుంది. ఆమె తప్పేమీ లేదు, ఠీవి అంతా బంట్రోతుదే మరి. ఆయన వరండాలో నిలబడి ముద్దాయిల పేర్లు మూడేసిసార్లు పిలిచాడు, సాక్షుల పేర్లు పిలిచాడు. అవ్వ ఓపికగా విని చివరికి దగ్గరకు పోయి, "అందరినీ పిలిస్తివి. నా కొడుకు పేరు పిల్చలేదే సామీ?" అంది.

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "సచ్చినోళ్లను కోర్టులో పిలవరవ్వా. పలికేటోళ్లనే పిలుస్తాం."

"పిలిస్తే గదా పలికేదీ లేందీ తెలిసేది," అంది అవ్వ.

మామ వంతు వచ్చింది. బోనులో నిలబడి, "నేను సూళ్లేదు సామీ. నేను పోయేటప్పటికే పడిపోయి ఉండాడు," అన్నాడు. మామ దున్నే చేను ఆ కొట్టినవాళ్లది, కాపురమున్న కొట్టం వాళ్ల జాగాలోది, ఇంటినిండా పిల్లలు. ఇవన్నీ నాకు ఇప్పుడు తెలుసు. ఆరోజు మాత్రం మామ చచ్చిపోతే బాగుండనుకున్నాను. కేసు కొట్టేశారు. తిరుగు బస్సులో అవ్వ మూట విప్పి, మొహం చూడకుండానే మామ వాటా రొట్టె ఆయన చేతిలో పెట్టింది. ఊరు చేరేదాకా ఆ రొట్టె అలాగే చేతిలో ఉంది.

"ఇంగా ఆ దేవునితో నీకేం పనత్తా?" అని మా అమ్మ ఏడ్చింది. ఇక అవ్వ గుడి ముఖం చూడదనే అందరమూ అనుకున్నాం. ఆదివారం అందరికంటే ముందు పోయి కూర్చుంది. ఆరాధన ముగిసి జనం లేస్తుండగా గుమ్మంలో నిలబడి, అచ్చం ఆ బంట్రోతులాగే గొంతెత్తి, చిన్నాయన పేరు మూడుసార్లు పిలిచింది. పిల్లలు కొందరు నవ్వారు. అయ్యగారు దగ్గరకొచ్చి, "అమ్మా, ఇది కోర్టు కాదు," అన్నారు మెల్లగా.

"కోర్టు కాకుంటే నేనీడికి ఎందుకొస్తాండా అయ్యగారూ? ఆడ కొట్టేసినారు. ఈడ కొట్టెయ్యలేదు గదా, వాయిదాలో ఉండాది. పిలిచేటోడు పిలిస్తేనే పైనున్న పెద్దదొర తలెత్తేది. ఈడ బంట్రోతు లేడు, అందుకే నేను పిలుస్తాండా."

అయ్యగారు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. రాజధాని హైదరాబాదుకు పోయింది, అయ్యగార్లు మారారు, నాకు పెళ్లయి పుట్టింటికి వచ్చిపోతూ ఉన్నాను. అవ్వ పిలుపు ఆగలేదు. మామ కూడా ఒక్క ఆదివారం మానలేదు, వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. మూడో పిలుపుకు ఆయన తల మోకాళ్ల మీదికి వంగిపోయేది. అవ్వ ఆయన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆయనకు సులువుగా ఉండేదేమో.

ఒక వానాకాలం అవ్వ పోయింది. ఆ తర్వాతి ఆదివారం దీవెన అయ్యాక గుళ్లో ఎవరూ లేవలేదు. అలవాటుగా అందరూ గుమ్మం వైపు చూస్తున్నారు. అప్పుడు మామ గోడ పట్టుకుని లేచి, గుమ్మం దాకా నడిచి, చిన్నాయన పేరు పిలిచాడు. మూడోసారి పిలిచి గుడి లోపలికి తిరిగాడు. "వాడు పలకలేడు సామీ. పలికేటోన్ని నేనుండా. నేను సూసినా," అని, కొట్టినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. నేను భోరున ఏడ్చాను. ఆ మాట వినాల్సిన మనిషి వారం ముందే మట్టిలోకి పోయింది.

మాట ఊళ్లోకి పోవడానికి ఎంతసేపు? పంట ఇంటికి రాకముందే మామ చేను, కొట్టం రెండూ పోయాయి. పిల్లలతో పులివెందుల వైపు కూలికి పోయాడు, అక్కడే పోయాడు. కొట్టినవాళ్లు మాత్రం ముసలివాళ్లయి, మంచాల మీద, మనవళ్ల మధ్య పోయారు. మామ ఊరు విడిచినప్పటి నుంచి పిలుపు నాకొచ్చింది, మెట్టినూరి గుళ్లోనే పిలుస్తున్నాను. ఇప్పుడు మా గుళ్లో మైకులున్నాయి, ఆ హోరులో నా గొంతు నాకే వినపడదు. అయినా పిలుస్తాను.

ఆసుపత్రిలో ఆ పిల్ల నా పేరు ఎన్నోసారి పిలిచిందో, విసుగ్గా పక్కకు చూస్తోంది. "ఉండా తల్లీ," అంటూ లేచాను. ఇన్నేళ్లు గడిచినా మా అవ్వ కేసు ఇంకా వాయిదాలోనే ఉంది. పిలిచేవాళ్లమే ఒక్కొక్కరుగా తరిగిపోతున్నాం.