ఫోను చెయ్యని పాఠకురాలు

గుడివాడ నుంచి మచిలీపట్నం వెళ్ళే ప్యాసింజరు ఆ రోజు ఏడున్నరైనా రాలేదు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, బయల్దేరేటప్పుడు మా ఆవిడ సరోజ అన్న మాట తలుచుకుంటున్నాను. "ఒక్క పాఠకురాలి కోసం ఒక రైలూ రెండు బస్సులా? ఫోను చేస్తే పోయేదిగా" అంది.

ఫోను చేస్తే పోయేది కాదు కాబట్టే ఈ ప్రయాణం. నేను కథలు రాస్తాను. దివిసీమలో, నాగాయలంక పక్కన ఒక ఊళ్ళో రాజ్యలక్ష్మి గారని ఒకావిడ ఉన్నారు. నా కథ పత్రికలో వస్తే, ఆ పత్రిక వాళ్ళింటికి చేరిన రోజే మధ్యాహ్నం ఆవిడ ఫోను చేసి తీరతారు. బాగుందని చెప్పరు, బాగాలేదనీ చెప్పరు. "ఏవండీ, ఆ సుబ్బారావు చివరికి చెరువు అమ్మేశాడా?" అని అడుగుతారు. "కథ అక్కడితో అయిపోయిందండీ" అంటాను. "మీకు అయిపోయిందండీ, నాకు అవలేదు" అంటారు. ఇంక సుబ్బారావు గురించి, వాళ్ళ అన్నదమ్ముల గురించి మాకు తెలిసినవాళ్ళలాగే అరగంట మాట్లాడుకుంటాం. ఇన్నేళ్ళలో ఒకరి మొహం ఒకరం చూడలేదు.

గడిచిన మూడు కథలకీ ఆ ఫోను రాలేదు. మొదటిసారి పత్రిక ఆలస్యమైందేమో అనుకున్నాను. రెండోసారి ఊళ్ళో లేరేమో అనుకున్నాను. మూడోసారి అన్నం సహించలేదు. పోనీ నేనే చేసి అడుగుదామంటే, కథ చదివారా అని రచయిత అడగడం, వంటాయన విస్తరి విస్తరి దగ్గరికీ వచ్చి కూర ఎలా ఉందని అడిగినట్టుంటుంది.

నా కథలు తిరిగొచ్చిన సందర్భాలు బోలెడు. ఒక సంపాదకుడు కథ పేరు మార్చి వేశాడు. ఇంకొకాయన చోటు చాలలేదని ఆఖరి పేరా కోసేశాడు. రెండ్రోజులు తిట్టుకుని మళ్ళీ రాసుకున్నాను. ఈ ఫోను రాకపోవడం మాత్రం నా చెయ్యి ఆపేసింది. సగం దాకా వచ్చిన నవల బల్ల మీద అలాగే పడి ఉంది. ఆవిడకే నా రాత పట్టకపోతే ఇంక మానేస్తానని సరోజతో చెప్పాను. "మానేస్తే చెప్పండి, ఆ బల్ల మీద కుట్టుమిషను పెట్టుకుంటా" అంది.

అవనిగడ్డలో పనుంది, అటు వస్తున్నానని ముందు రోజు రాజ్యలక్ష్మి గారికి అబద్ధం చెప్పాను. "రండి రండి, భోజనం మా ఇంట్లోనే" అన్నారు. కథల ఊసు ఎత్తలేదు. దాంతో నాకు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది.

రైలు ఎనిమిదికి వచ్చింది. గుడ్లవల్లేరు దాకా ఖాళీగానే ఉంది. కవుతరంలో ఎక్కినాయన నా ఎదురుగా కూర్చుని, ఒళ్ళో ఒక రేకు పెట్టె పెట్టుకున్నాడు. చిలకలపూడిలో రోల్డుగోల్డు గొలుసులు చేయిస్తాడట, చుట్టాలింటికి వచ్చి తిరిగి వెళ్తున్నాడట. నేనేం చేస్తానని అడిగాడు. కథలు రాస్తానని చెప్పడం అలవాటైన తప్పు.

"అయితే నా జీవితం రాయండి బావగారూ. పెద్ద నవల అవుద్ది" అన్నాడు.

ఈ మాట నాకు కొత్త కాదు. బస్సుల్లో, పెళ్ళిళ్ళలో, ఆఖరికి పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని ఉన్నప్పుడు కూడా విన్నాను. "చెప్పండి మరి" అన్నాను. పెడన దాటేదాకా చెప్పాడు. అందులో ఆయన బావమరిది తప్ప ఇంకెవరూ లేరు, బావమరిదిలో మంచి అనేదీ లేదు. చిలకలపూడిలో దిగుతూ, "పేర్లు మార్చకండి, వాడికి తెలియాలి" అన్నాడు. మిగతా రోజుల్లో అయితే నాకు ఇది ఒక కథకి సరిపడా సంతోషం. ఆ రోజు నవ్వు కూడా రాలేదు.

బందరులో రైలు దిగి బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాను. ఉత్త చేతులతో వెళ్ళొద్దని సరోజ మరీ మరీ చెప్పింది కాబట్టి హల్వా పొట్లం కట్టించుకున్నాను. అవనిగడ్డ బస్సు పదింటికి కదిలింది. కుడివైపు కిటికీ దొరికితే వదలకండి, చల్లపల్లి దాకా పొలాలు బాగా కనిపిస్తాయి. వరి ఊడ్పులు అయిపోయిన రోజులు, చేలన్నీ పచ్చగా ఉన్నాయి. మోపిదేవిలో సగం బస్సు గుడికి దిగిపోయింది. పులిగడ్డ అక్విడక్టు వంతెన మీదికి వచ్చాక కింద కృష్ణ పాయ కనిపిస్తే, అందరితో పాటు నేనూ ఒకసారి దణ్ణం పెట్టుకున్నాను. ఏం కోరుకున్నానో చెబితే నవ్వుతారు. కథ నచ్చలేదని మొహం మీద చెప్పినా సరే, చదవలేదని మాత్రం అనకూడదని కోరుకున్నాను.

అవనిగడ్డలో దిగి నాగాయలంక బస్సు పట్టుకున్నాను. నాగాయలంక సెంటర్లో రాజ్యలక్ష్మి గారి భర్త కోటేశ్వరరావు గారు మోటారుసైకిలు వేసుకుని నిలబడి ఉన్నారు. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. దారిలో గాలికి సగం మాటలు ఎగిరిపోతున్నా గట్టిగా మాట్లాడుతూనే ఉన్నారు.

"మా ఆవిడ సంగతి మీకు తెలుసాండీ? ఈ మధ్య చెరువు గట్టు మీద ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఒకటే తిరగడం, తనలో తనే మాట్లాడుకోవడం. ఎవరితోనో తగువు పడుతోందని కూలోళ్ళు నాకొచ్చి చెప్పారు."

"ఎవరితోనండీ?" అన్నాను.

"ఆవిడే చెప్పుద్ది లెండి" అన్నారు.

ఫోనులో గొంతు విని రాజ్యలక్ష్మి గారు పొడుగ్గా ఉంటారనుకున్నాను. పొట్టిగా, కళ్ళజోడు పెట్టుకుని, మాట కంటే ముందు నవ్వే మనిషి. గోంగూర రొయ్యలు, ముద్దపప్పు, గడ్డ పెరుగు. వడ్డిస్తూ గుడివాడ సంగతులడిగారు, సరోజ మోకాళ్ళ నొప్పి అడిగారు. గోడ వారన బీరువా మీద నా కథలొచ్చిన మూడు పత్రికలూ కనిపించాయి. వాటి మీద చుట్టిన ప్లాస్టిక్ కవరు చింపను కూడా చింపలేదు.

ఇంక ఆగలేక అడిగేశాను. "నా కథలు చదవడం మానేశారాండీ?"

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసి భర్త వంక చూశారు. ఆయన పెరుగన్నం వంక చూసుకున్నారు.

"ఎలా చెప్పాలో తెలియక చెప్పలేదండీ" అన్నారావిడ. "నేను ఒక కథ మొదలుపెట్టాను. గట్టు మీద నడుస్తూ చెబితే ఫోనే టైపు చేసుకుంటుంది. మొదట్లో మీ పాత కథ ఒకటి చదివి కూర్చుంటే నా కథలోవాళ్ళు మీవాళ్ళలాగా మాట్లాడటం మొదలెట్టారు. మా తోడికోడలు మీ సుబ్బారావులాగా మాట్లాడితే ఎలాగండీ? అందుకని నాది అయ్యేదాకా మీవి తెరవకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మీకు ఫోను చేసి, మీ కథలు మానేశానని చెప్పడానికి నోరు రాలేదు."

నాకు ముందు ప్రాణం లేచొచ్చింది. వెంటనే, దాచుకోవడమెందుకు, అసూయ కలిగింది. ఇన్నాళ్ళూ నా కథలు వినే మనిషి అనుకున్నాను. ఇప్పుడు ఆవిడా రాస్తుందట. ఇంక నన్నెవరు వింటారు?

"అయిందా మరి?" అన్నాను.

"మొన్న అయింది. ఎవరికీ చూపించలేదు. మీకు పంపనా?"

పంపమన్నాను. పెరుగు మళ్ళీ వడ్డించుకుని తిన్నాను. మూడింటికి కోటేశ్వరరావు గారు నాగాయలంకలో దింపేలోపే కథ నా ఫోనులోకి వచ్చింది. బాగుండకూడదని కోరుకుంటూనే అవనిగడ్డలో బందరు బస్సెక్కి తెరిచాను.

ఇద్దరు తోడికోడళ్ళు. చెరువులు పంచుకున్నాక ఏడేళ్ళుగా మాటల్లేవు. ఒక మధ్యాహ్నం కరెంటు పోతుంది, చెరువు నీళ్ళకి గాలి పట్టించే యంత్రాలు ఆగిపోతాయి. ఇంట్లో మగాళ్ళు లేరు, చిన్నావిడ డీజిలు ఇంజను ఎంతకీ అంటుకోదు. గాలి చాలక రొయ్యలు పైకి తేలడం మొదలవుతుంది. పెద్దావిడ తన గట్టు మీంచి ఒక్కసారి చూసి, చీర చెంగు దోపుకుని వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా ఇంజను అంటించి వెనక్కి తిరుగుతుంది. చిన్నావిడ పరుగెత్తి ఇంట్లోంచి మజ్జిగ గ్లాసు తెచ్చి చేతిలో పెడుతుంది. పెద్దావిడ గ్లాసు పట్టుకుని నిలబడుతుంది. కథ అక్కడ ఆగిపోయింది.

నేనైతే పెద్దావిడ చేత నాలుగు మంచి మాటలు అనిపించి పాడుచేసేవాణ్ణి. మోపిదేవిలో ఒకసారి, చల్లపల్లి దాటాక ఒకసారి మళ్ళీ చదివాను. అసూయ పూర్తిగా పోలేదు కానీ, దాన్ని పట్టించుకునే తీరిక లేకపోయింది. ఆ గ్లాసు సంగతే నా మనసులో తిరుగుతోంది. పక్క సీట్లో చేపల బుట్ట పెట్టుకున్నావిడ, "ఏదన్నా చెడు కబురా అండీ?" అని అడిగింది. కాదమ్మా, కథ అన్నాను. "ఓస్" అని కళ్ళు మూసుకుంది.

బందరు స్టేషనుకి చేరేసరికి పొద్దు వాలుతోంది. గుడివాడ రైలుకి ఇంకా టైముంది. ఫోనులో ఛార్జింగు ఎర్ర గీత దగ్గరికొచ్చింది. అయినా చేశాను. ఒక్క రింగుకే ఎత్తారు.

బాగుందని చెప్పలేదు. "ఏవండీ, ఆ పెద్దావిడ మజ్జిగ తాగిందా?" అన్నాను.

"కథ అక్కడితో అయిపోయిందండీ" అన్నారావిడ.

"మీకు అయిపోయిందండీ. నాకు అవలేదు."

ఆవిడ నవ్వారో ఏడ్చారో తెలియలేదు. మజ్జిగ గురించి, ఆ ఏడేళ్ళ గురించి, ముందు మాట జారింది ఎవరన్న దాని గురించి రైలొచ్చే దాకా మాట్లాడుకున్నాం. పెట్టేయబోతుంటే ఆవిడ అన్నారు: "రేపు మధ్యాహ్నం ఫోను దగ్గరే ఉండండి. ఇవాళ ఆ కవర్లు చింపుతాను. మూడున్నాయిగా, మనకి చాలాసేపు పడుతుంది."

దివిసీమకి వెళ్ళి నేను చూసొచ్చింది పెద్దగా ఏమీ లేదు. నాగాయలంకలో కృష్ణ ఒడ్డుకైనా వెళ్ళలేదు, మోపిదేవి గుడి దగ్గర దిగలేదు. మీరు వెళ్తే అవన్నీ చూడండి. గుడివాడలో దిగేసరికి నా ఫోను పూర్తిగా ఆరిపోయింది. రిక్షా కోసం చూడకుండా గబగబా నడిచి ఇంటికెళ్ళాను. సరోజ తలుపు తీసి, "కుట్టుమిషను పెట్టుకోనా మరి?" అంది.

"ముందు ఛార్జరు ఎక్కడుందో చెప్పు" అన్నాను.